అధికార భాష - వావిలాల వారి దృష్టి

ప్రజాస్వామ్యంలో ప్రభుత్వం ప్రజలదే అని మనం తరచుగా అంటాము. అయితే ఆ ప్రభుత్వం ప్రజలకు తెలియని భాషలో మాట్లాడినచో ఆ మాటకు విలువ ఏమున్నది? ఈ ప్రశ్నను పట్టుదలతో చర్చకు తెచ్చిన శాసనసభ్యులలో కీ.శే. వావిలాల గోపాలకృష్ణయ్యగారు ప్రముఖులు.

1906లో గుంటూరు జిల్లా సత్తెనపల్లిలో జన్మించిన వావిలాల వారు స్వాతంత్ర్య సమరయోధులు. సత్తెనపల్లి నుండి నాలుగుమార్లు శాసనసభకు ఎన్నికై, స్వతంత్ర సభ్యులుగా పేరు పొందినారు. విశాలాంధ్ర, నాగార్జునసాగరం, మద్యనిషేధం వారు కృషి చేసిన రంగాలు. 1966లో తెలుగును అధికార భాషగా చేసిన శాసనం వచ్చిననాటికి వారు సభలో సభ్యులే. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులు కూడ వారే. వారు 2003లో కీర్తిశేషులైనారు.

పాలన ప్రజల భాషలోనే జరుగవలెననునది వారి స్థిరాభిప్రాయం. దీనిని కేవలం భాషాభిమానమని భావించుట పొరపాటు. ఒక సంఘటన చెప్పెదము. కొన్నేండ్ల క్రితం మా విద్యార్థి ఒకడు ఒక కార్యాలయం నుండి వచ్చిన నోటీసును మా చేతికిచ్చి చదివి చెప్పుమన్నాడు. వాని తండ్రి తెలుగు, ఉర్దూ రెండూ చదువగలడు. కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉన్నది. అది వారి రెండెకరాల పొలానికి సంబంధించినది. అభ్యంతరం తెలుపవలసిన గడువు అప్పటికి మూడు రోజుల క్రితమే ముగిసినది. ఆ తండ్రి నిరక్షరాస్యుడు కాడు; ఆ కాగితమే ఆయనను నిరక్షరాస్యునిగా చేసినది.

శాసనం ఉండియు ఆచరణ ఎందుకు వెనుకబడినది? కారణాలు మూడు. మొదటిది పరిభాష. రెవెన్యూ, న్యాయ శాఖల మాటలకు తెలుగులో స్థిరమైన పదాలు కావలెను; ఆ పదాలు సామాన్యునికి ఇంగ్లీషుకంటె కఠినంగా ఉండరాదు. 'దస్తావేజు', 'వకాలత్', 'జమాబందీ' వంటి మాటలు పల్లెలలో ఏనాడో ఇంటి మాటలైనవి. వాటిని తొలగించి సంస్కృత సమాసాలు చేర్చుట వలన ప్రయోజనం లేదు. రెండవది యంత్రం. తెలుగు లిపిని టైపు యంత్రంలో ఇముడ్చుట కష్టసాధ్యమైనది. నేడు కంప్యూటరు వలన ఆ చిక్కు తీరినది. మూడవది అలవాటు. పాత ఫైలులోని ఇంగ్లీషు నమూనాను చూచి వ్రాయుట సులభం. తెలుగులో వ్రాయవలెనన్నచో విషయం ముందు తనకు బోధపడవలెను. ఈ మూడవ కారణానికి ఏ యంత్రమూ మందు కాదు.

ఇక మన కళాశాల వంటి చోట సహజంగా కలిగే సందేహం ఒకటున్నది. తెలుగు అధికార భాష అయినచో ఉర్దూ మాతృభాషగా గలవారి గతి ఏమి? ప్రజల భాషలో పాలన అను సూత్రాన్ని అంగీకరించినవారు దానిని ఒక్క భాషతో ఆపజాలరని మా అభిప్రాయం. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనను పౌరుడు తన కష్టాన్ని విన్నవించుకొనవచ్చును. ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపవలెనని 350-ఎ అధికరణం చెప్పుచున్నది. 1966 శాసనమే అవసరమైన ప్రాంతాలలో తెలుగుతోపాటు ఉర్దూ వాడుకకు అవకాశమిచ్చినది. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2022లోను ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తిస్తూ శాసనాలు చేసినవి. అయితే కార్యాలయం బోర్డుపై ఉర్దూ అక్షరాలు కనిపించుట వేరు, లోపల ఉర్దూ అర్జీకి ఉర్దూలోనే జవాబు వచ్చుట వేరు.

మన విద్యార్థులలో అనేకులు రేపు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, అధికారులు కానున్నారు. వారిని మేము కోరునది ఒక్కటే. బల్లకు అవతల నిలిచిన మనిషి చదువగల భాషలో, ఆయనకు అర్థమగు మాటలలో జవాబు వ్రాయండి. వావిలాల వారికి మనం అర్పింపగల నివాళి అదే.