మీకు తెలుసా? మిర్చి మంటలో ఎమైడ్!

నరసరావుపేట, గురజాల వైపు కళ్లాల్లో ఎర్రగా ఆరే మిర్చికి ఘాటునిచ్చేది క్యాప్సైసిన్. అది గింజల్లో పుడుతుందని చాలామంది నమ్మకం. నిజానికి తయారయ్యేది గింజల్ని పట్టి ఉంచే తెల్లటి ఈనెలో.

అణువు గుణాన్ని నిర్ణయించే పరమాణువుల గుంపును ప్రమేయ సమూహం అంటారు (పదో తరగతి పాఠమే!). క్యాప్సైసిన్‌లో ముఖ్యమైనది ఎమైడ్: ఆక్సిజన్‌ను మోస్తున్న కార్బన్‌కు నైట్రోజన్ అతుక్కున్న ముక్క. దానికి ఒక పక్క బెంజీన్ వలయం, రెండో పక్క పొడవాటి కార్బన్ తోక. విచిత్రమేమిటంటే, ఐస్‌క్రీమ్‌కు కమ్మటి వాసననిచ్చే వెనిలిన్‌లోనూ ఇదే వలయం ఉంటుంది. కాకపోతే అక్కడ దానికి అంటుకున్నది ఆల్డిహైడ్. అలాగని ఎమైడ్ ఉన్నదల్లా మండదు. పారాసిటమాల్, నైలాన్, మనం తినే పప్పులోని ప్రోటీన్లు, అన్నిటిలోనూ అది ఉంది. వలయం, ఎమైడ్, తోక మూడూ కలిస్తేనే నాలుక మీది నాడులు దాన్ని వేడిగా పొరబడతాయి. ఆ వేడిని పసిగట్టే గ్రాహకాన్ని 1997లో క్యాప్సైసిన్ సాయంతోనే కనిపెట్టిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. పక్షుల గ్రాహకానికి మాత్రం ఈ మంట పట్టదు.

ఆ తోక వల్ల క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. అందుకే గొడ్డుకారం నషాళానికి అంటితే చెంబెడు నీళ్లు తాగి లాభం లేదు, పెరుగు వేసుకోండి.