పరమాణు పట్టికలు - కంప్యూటరు: విద్యార్థికి తొలిమెట్లు

వంటింటి గ్యాసు పొయ్యి నీలిమంటలో ఉప్పు రేణువు పడినపుడు, మంట క్షణకాలము పసుపు వన్నె దాల్చుట మనమందరము ఎరిగినదే. ఆ వన్నె ఉప్పులోని సోడియము పరమాణువులది. దానిని వర్ణపటదర్శినితో విడదీసి చూచినచో 588.995, 589.592 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముల వద్ద రెండు సన్నని గీతలు గోచరించును. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. ప్రతి మూలకమునకును ఇట్లే తనవైన గీతలు కలవు. ఆ గీతల తరంగదైర్ఘ్యములను, పరమాణువుల శక్తిస్థాయిలను కూర్చిన పట్టికలకు పరమాణు దత్తాంశమని పేరు. వానిని వెదకి లెక్కకట్టు కంప్యూటరు సాధనములు నేడు ఉచితముగా లభించుచున్నవి. ద్వితీయ పి.యు.సి.లో హైడ్రోజను పరమాణువును చదువు విద్యార్థి వానిని ఎట్లు ఆరంభింపవచ్చునో తలిదండ్రులకు వివరించుట ఈ వ్యాసోద్దేశము.

దశాంశ బిందువు తరువాతి అంకెలకు ఇంత పట్టుదల ఏలయని సందేహము కలుగవచ్చును. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము తెలుగుసీమ మీదుగా సాగినది. గుంటూరున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, మచిలీపట్నమున మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ దానిని వర్ణపటదర్శినులతో పరిశీలించిరి. ఆ గ్రహణమున కానవచ్చిన పసుపు గీతను తొలుత సోడియముదిగా తలచిరి. దాని స్థానము 587.6 అని సూక్ష్మముగా కొలిచిన పిమ్మట, అది అంతవరకు ఎరుగని మూలకముదని తేలినది. అదియే హీలియము. భూమిపై దానిని రాంసే 1895లో కనుగొనెను. సుమారు ఒకటిన్నర నానోమీటరు తేడా ఒక మూలకమును బయటపెట్టినది!

ఈ విద్య నేడు మనకు సమీపముననే సాగుచున్నది. చింతామణి నుండి బెంగుళూరు పోవు దారిలో, హొసకోటె వద్ద భారత ఖగోళ భౌతికశాస్త్ర సంస్థవారి ప్రాంగణము కలదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి ఎగసిన ఆదిత్య-ఎల్1 నౌకలో, సూర్యుని కరోనాను పరిశీలించు యంత్రము అచటనే సమకూర్చబడినది. అది చూచు గీతలలో 530.3 నానోమీటర్ల ఆకుపచ్చ గీత యొకటి. 1869లో కనుగొన్న ఆ గీతను క్రొత్త మూలకముదని తలచి ‘కరోనియము’ అని పేరిడిరి. అది పదమూడు ఎలక్ట్రానులు కోల్పోయిన ఇనుముదని 1940 ప్రాంతమున గ్రోట్రియన్, ఎడ్లెన్ అనువారి కృషివలన తేలినది.

ఇక ఆరంభించు విధము. మొదటి మెట్టునకు కాగితము, కలము చాలును. హైడ్రోజనునకు రిడ్‌బర్గ్ సంఖ్య మీటరునకు సుమారు 1,09,67,800. దానిని 5 చేత గుణించి 36 చేత భాగించి, ఫలమును విలోమము చేసినచో ఎర్రగీత తరంగదైర్ఘ్యము 656.47 నానోమీటర్లని వచ్చును.

రెండవ మెట్టున, అమెరికా దేశపు ప్రమాణముల సంస్థ ‘నిస్ట్’ ఇంటర్నెట్టులో ఉంచిన పరమాణు వర్ణపట పట్టికలో అదే గీతను వెదకవలెను. అచట 656.28 దరిదాపున దగ్గరదగ్గరగా పలు గీతలు కనబడును. తన లెక్క తప్పినదని విద్యార్థి బెదరనక్కరలేదు. సూత్రము శూన్యమునందలి విలువ నిచ్చును. పట్టిక ఆ ప్రాంతపు గీతలకు గాలియందలి విలువ నిచ్చును. గాలి వక్రీభవన గుణకము సుమారు 1.00028, దానిచే భాగించినచో రెండు లెక్కలు కలియును. మరియొక మెలకువ: మూలకపు గుర్తు పక్కన రోమను అంకె ఒకటి యున్నచో పూర్ణ పరమాణువు, రెండు యున్నచో ఒక ఎలక్ట్రాను కోల్పోయినది. కనుక పైజెప్పిన ఇనుమునకు అంకె పదునాలుగు.

మూడవ మెట్టు పైథాన్ భాష. అందులోని ‘ఆస్ట్రోక్వెరీ’ అను ఉపకరణముతో నిస్ట్ పట్టికను నేరుగా అడిగి, గీతలను తెప్పించి, పటము గీయవచ్చును. ఇది చేతికి వచ్చిన పిమ్మటనే ‘కియాంటి’ అను దత్తాంశమును, దానికి పైథానులో గల ‘కియాంటిపై’ని చేపట్టవలెను. ఎంతటి వేడిలో ఏ గీత ఎంత ప్రకాశించునో అది లెక్కించును. ఆకుపచ్చ గీతనిచ్చు ఇనుము సుమారు 20 లక్షల డిగ్రీల వేడిలో మెండుగా నుండునని విద్యార్థి అందు స్వయముగా చూడగలడు. వీనికి రుసుము లేదు. సాధారణమైన కంప్యూటరు చాలును.

ఇంట తెలుగు, వీధిలో కన్నడము, గ్రంథమున ఆంగ్లము గల మన పిల్లలకు ఇది అందునా యని చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తలిదండ్రులు శంకింతురు. పైథానున ఆరంభమునకు వలయు ఆంగ్లపదములు కొలదియే. గీత ఏల పుట్టునో, రెండు విలువలు ఏల వేరయ్యెనో తన భాషలో చెప్పగలుగుటయే అసలు చదువు. కావున ఖరీదైన శిక్షణలకు తొందరపడక, పిల్లవాడు చేతితో చేసిన లెక్కను, యంత్రము చూపిన ఫలమును పక్కపక్కన పెట్టి, తేడాను ఇంట తెలుగున వివరింపుమని అడుగుడు. వివరింపగలిగిననాడు తరువాతి మెట్టునకు అర్హుడైనట్లే.