వెయ్యి పోట్ల పిచ్చుక

మా కె.గంగవరంలో స్వెట్టర్ వేసుకునేంత చలి పెట్టే రోజులు ఏడాదికి పట్టుమని పది కూడా ఉండవు. అలాంటి ఊళ్లో, మే నెల ఉక్కపోతలో, ఉన్ని ముద్ద ముందేసుకుని సూదితో టకటకా పొడుస్తూ అరుగు మీద కూర్చుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పాలు పోయడానికొచ్చిన పిన్ని కాసేపు చూసి, "ఎవరి మీదమ్మా అంత కోపం?" అని అడిగేసింది.

కోపం కాదు గానీ, దిగులు ఉండేది. నాది ఇంటి నుంచే చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదిన్నర కష్టపడి రాసిన ప్రాజెక్టుని ఒక సాయంత్రం పది నిమిషాల కాల్‌లో ఆపేశారు. "ఇన్నాళ్లూ ఏం చేశావే?" అని అమ్మమ్మ అడిగితే చేతిలో పెట్టి చూపించడానికి ఏమీ లేదు. ఆ వారమే ఒక వీడియోలో నీడిల్ ఫెల్టింగ్ చూశాను. దూదిలాంటి ఉన్ని, ఒక్క సూది. అరగంటలో బుజ్జి పిట్ట తయారైపోయింది. వీడియోలో అరగంటేలెండి!

ఇందులో కుట్టు లేదు, జిగురు లేదు. ఉన్ని పోగుని మైక్రోస్కోపులో చూస్తే చేప పొలుసుల్లాంటి పొరలు కనిపిస్తాయి. ఫెల్టింగ్ సూది అంచుల వెంట సన్నటి గాట్లుంటాయి. పొడిచినప్పుడల్లా ఆ గాట్లు కొన్ని పోగుల్ని లోపలికి ఈడ్చుకెళ్లి అక్కడే వదిలేస్తాయి. అలా ఒకదాన్నొకటి పట్టుకుని, మెత్తటి ముద్ద కాస్తా గట్టిపడుతుంది. నిజానికి ఇది ఫ్యాక్టరీ పద్ధతి. యంత్రాల్లో వేల సూదులు ఒకేసారి దిగి ఫెల్ట్ గుడ్డని తయారుచేస్తాయి. ఆ సూదిని బొమ్మలు చేసే చేతిపనిగా మార్చుకోవడం 1980ల్లో అమెరికాలో మొదలైంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా అనుభవంతో చెబుతున్నా. సూదులకి నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. ఆకారం తేవడానికి 36, మామూలు పనికి 38, ఆఖర్న నునుపు చేయడానికి 40. కింద మందపాటి స్పాంజి ఉండాల్సిందే. సూది ఏ దిక్కున దిగిందో అదే దిక్కున బయటికి రావాలి. లోపల ఉండగా పక్కకి వంచారో, పుటుక్కున విరుగుతుంది. మొదటి వారంలో నేను మూడు విరగ్గొట్టాను. ఇంకోటి, ఆఫీసు కాల్ వింటూ ఈ పని చేయకండి. "యువర్ అప్‌డేట్ ప్లీజ్" అన్నప్పుడే సూది నా చూపుడు వేలులో దిగింది. మ్యూట్‌లో లేనని తర్వాత తెలిసింది.

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఉన్ని సగానికి వచ్చేసరికి ఓ తెలివైన ఆలోచన వచ్చింది. దాళ్వా కోతలయ్యాక ఎరువు కోసం మా చేలల్లో గొర్రెల మంద కట్టిస్తారు కదా, కాస్త ఉన్ని అడిగితే పోలా? అడిగాను. కాపరి పగలబడి నవ్వాడు. "వీటికి ఉన్నెక్కడిదమ్మా, ఉన్నదంతా పొట్టి బొచ్చే!" అవి నెల్లూరు జాతివి, మాంసానికి పెంచేవి. తెలంగాణలో, రాయలసీమలో గొంగళ్లు నేసే ఉన్ని దక్కనీ గొర్రెలది. ఇంజినీరింగ్ చదివాను గానీ ఆ తేడా నాకప్పటిదాకా తెలీదు.

నేను చేస్తున్నది పిచ్చుక. మా వసారాలో వరికంకుల కుచ్చు వేలాడుతుంటుంది గానీ, దాని మీద వాలే పిచ్చుకలు బాగా తగ్గిపోయాయి. మూడో ప్రయత్నానికి నా పిట్టకి పిచ్చుక పోలికొచ్చింది. అమ్మమ్మ చేతికిచ్చాను. ఆవిడకిప్పుడు చూపు సరిగ్గా ఆనదు. బొటనవేలితో నొక్కి చూసి, "లోపల బోలుగా ఉందే. లేసైనా ఇదైనా బిగువు చేతిలో ఉండాలి" అంది.

అమ్మమ్మ పుట్టిల్లు నరసాపురం వైపు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషే లేసు అక్కడ ఇంటింటి పని అయింది. ఆవిడా పెళ్లికి ముందు నుంచీ అల్లింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడట. కూలి దారం కండెల లెక్కన, గంటల లెక్కన కాదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఆడవాళ్ల గురించి 1982లో ఒక పుస్తకమే రాసింది. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్నా వాళ్లని గృహిణులుగానే చూశారనీ, వాళ్లు చేసేదాన్ని తీరిక వేళ పనిగా జమకట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందనీ ఆమె వాదన. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మమ్మకి చెబితే, "ఇప్పుడా?" అని ఊరుకుంది.

ఆమధ్య నా పిచ్చుక ఫొటో చూసి ఆఫీసు స్నేహితురాలొకామె, "మూడొందలకి ఇస్తావా?" అని అడిగింది. లెక్కేశాను. తొమ్మిది గంటల పని. ఉన్ని, విరిగిన సూదుల ఖర్చు పక్కన పెట్టినా గంటకి ముప్పై మూడు రూపాయలు. "ఇది గిట్టుబాటయ్యే పని కాదు అమ్మమ్మా" అని నవ్వేశాను.

అమ్మమ్మ నవ్వలేదు. "నువ్వు గంటలు లెక్కపెట్టుకున్నావు. మమ్మల్ని లెక్కపెట్టనివ్వలేదే" అంది.

నెలాఖరుకి జీతం పడుతుంది కాబట్టే నాకిది సరదా. మూడు సూదులు విరిగినా, రెండు పిట్టలు పాడైనా నష్టం లేదు. ముడి తప్పితే కూలి కోసుకునేవాళ్లని భయపడుతూ అల్లినావిడ ముందు కూర్చుని, నేను 'హాబీ' అంటున్నాను. ఆ మాట ఎంత ఖరీదైందో ఆరోజే తెలిసింది.

పిచ్చుకని అమ్మలేదు. ఇంకో మూడు రాత్రులు కూర్చుని, 40 నంబరు సూదితో మళ్లీ మొదట్నుంచీ పొడిచాను. అమ్మమ్మ చేతిలో పెడితే అటూ ఇటూ నొక్కి చూసింది.

"ఇప్పుడు బిగిసింది" అంది.

వసారాలో వరికంకుల కుచ్చు పక్కన తనే కట్టించింది.