గండికోటలో పరుగు: లోయ దారికి లెక్క వేరు



దసరా సెలవుల్లో చాలా కుటుంబాలు గండికోట వెళ్తుంటాయి. మన వైపు నుంచి కర్నూలు మీదుగా జమ్మలమడుగు చేరితే, అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లే. ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పోగా ఏర్పడిన లోయ అది. చెరువు కట్టకు పడినట్టు కొండకు గండి పడింది, దాని అంచున కోట వెలిసింది. పేరులోనే కథంతా ఉంది. రోజూ గ్రౌండ్‌లో పరిగెత్తే పిల్లలు అక్కడా పరిగెడతామంటారు. వద్దనక్కర్లేదు. కాకపోతే లోయ దారి లెక్క ముందు మీకు తెలియాలి.

కొండకూ లోయకూ తేడా

వనపర్తి జిల్లాలోని ఖిల్లా ఘనపురం కోట ఎక్కితే ఆయాసం మొదట్లోనే వస్తుంది. చాలనిపిస్తే వెనక్కి తిరగొచ్చు, దారంతా దిగుడే. నాగర్‌కర్నూల్ జిల్లాలోని మల్లెలతీర్థం ఇందుకు తలకిందులు. ముందు సుమారు 350 మెట్లు హాయిగా దిగుతాం. ఆడి అలిసిపోయాక, ఎండ ముదిరాక అవే మెట్లు ఎక్కాలి. లోయలన్నీ ఇంతే, కష్టాన్ని చివరికి దాచిపెడతాయి.

దిగేటప్పుడు ఆయాసం రాదు కానీ, ప్రతి అడుగులోనూ తొడ కండరాలు బ్రేకులా పనిచేస్తుంటాయి. ఆ అలసట ఎక్కేటప్పుడు బయటపడుతుంది. అమెరికాలోని గ్రాండ్ క్యాన్యన్‌లో సందర్శకులకు ఒక సూత్రం చెబుతారు: దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుంది. అంటే మీ చేతిలో గంటన్నర ఉంటే, అరగంట కాగానే వెనక్కి తిరగాలి. నీళ్లలో కూడా మూడింట రెండు వంతులు ఎక్కడానికే ఉంచాలి.

ఎక్కడ పరుగు, ఎక్కడ నడక

పిల్లలకు లోయలోకి దిగే దారి కన్నా పైనుండే చుట్టుదారి మేలు. గండికోటలో మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారాలను కలుపుకుంటూ తిరిగి కోట గుమ్మానికి రావచ్చు. కోట లోపల ఊరుంది, జనం తిరుగుతుంటారు. విశాలంగా ఉన్నచోట నెమ్మదిగా పరిగెత్తనివ్వండి. లోయ అంచు కనిపించే లోపే పరుగు ఆగాలి. అక్కడ చెయ్యి పట్టుకుని నడకే. అంచున సెల్ఫీలు వద్దు. వాన పడితే రాళ్లు జారుతాయి, ఆ రోజు పరుగు మానండి.

చుట్టుదారిలో సగం దాటాక వెనక్కి రావడం కన్నా ముందుకెళ్లడమే దగ్గర. అందుకే సగానికి ముందే ఒకసారి ఆగి, పిల్లల ముఖాలు చూసి నిర్ణయించుకోండి. అందరికన్నా నెమ్మదైన పిల్లను ముందుంచండి, మిగతావారు ఆ వేగంతోనే రావాలి.

తెల్లవారగానే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించండి. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం వడదెబ్బకు ముందస్తు హెచ్చరికలు. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, కొద్దికొద్దిగా నీళ్లు తాగించండి. మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఒక్క మాట: మల్లెలతీర్థం దగ్గరే కదా, అక్కడ పరిగెడదాం అనుకోకండి. అది నల్లమల అడవి, పులులు తిరిగే చోటు. అటవీ శాఖ అనుమతించిన దారిలో, అందరూ కలిసి నడవడమే.

తిరిగొచ్చాక "ఎంత టైమ్‌లో పూర్తిచేశావ్?" అని అడగకండి. ర్యాంకులు, మార్కులు ఇక్కడ ఎలాగూ ఉన్నాయి. "నదికి అటువైపు రాతి పొరలు, ఇటువైపు పొరలు ఒకేలా ఉన్నాయా?" అని అడగండి. ఒకప్పుడు ఆ రెండు గట్లూ ఒకే కొండ అని, మధ్యలో నీరే దారి చేసుకుందని పిల్లలు తామే కనిపెడతారు. ఆగి చూసినవారికే అది కనిపిస్తుంది.