వాణిజ్య వార్తల్లో రోజూ చూడవలసినవెన్ని?

సెన్సెక్స్ వెయ్యి పాయింట్లు పడిందన్న శీర్షిక చూడగానే పొదుపుదారు గుండె ఝల్లుమంటుంది. సూచీ 20 వేల వద్ద ఉన్నప్పుడు ఆ పతనం 5 శాతం; 80 వేల వద్ద 1.25 శాతమే. కనుక పాయింట్లకు బదులు శాతాన్ని చూడాలి. అదీ మార్కెట్ ముగిసే మధ్యాహ్నం 3.30 తర్వాత ఒక్కసారి చాలు. క్షణక్షణం మారే అంకెలతో పింఛనుదారుకు పనేముంది?

ఇంటి ఖర్చులను నిజంగా మార్చే వార్తలకు తేదీలున్నాయి. చిల్లర ద్రవ్యోల్బణం గణాంకాలు సాధారణంగా ప్రతి నెలా 12న వెలువడతాయి. రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ దాదాపు రెండు నెలలకొకసారి సమావేశమై రెపో రేటును నిర్ణయిస్తుంది. ఆ తేదీలు ముందే ప్రకటిస్తారు. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే మిగతా రోజులు పది నిమిషాలతో సరిపోతుంది.

అన్నిటికంటే రెపో వార్తే గృహ రుణం ఉన్నవారికి ముఖ్యం. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే చర వడ్డీ గృహ రుణాలను బాహ్య ప్రామాణిక రేటుకు ముడిపెట్టారు. చాలా బ్యాంకులకు అది రెపోయే. కనీసం మూడు నెలలకొకసారి వడ్డీని సవరించాలి. రెపో తగ్గిందని చదివినవారు ఆ గడువు తర్వాత తమ రుణ ఖాతా తెరిచి చూడాలి. నెలవారీ వాయిదా మారకున్నా, మిగిలిన వాయిదాల సంఖ్య తగ్గి ఉండవచ్చు. అంతకుముందు తీసుకున్న రుణమైతే, ఈ పద్ధతికి మారే వీలు గురించి బ్యాంకును అడగడం మేలు.