ఆపరేషన్ థియేటర్‌కు టైంటేబుల్ ఎలా వేస్తారు?

బడిలో టైంటేబుల్ వేయడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. గంట కొడితే పిరియడ్ అయిపోతుంది. పాఠం మిగిలితే మర్నాడు చెప్పుకోవచ్చు. ఆపరేషన్ థియేటర్‌లో అలా గంట కొట్టడం కుదరదు. మొదలుపెట్టిన పని ఎంతసేపు పట్టినా పూర్తి చేసే సర్జన్ బయటికి రావాలి.

దీని ఫలితం మా ఇంట్లోనే చూశాం. మా ఆపాకు ఒక ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్. రాత్రి నుంచి ఏమీ తినలేదు. ఆమె కంటే ముందు మొదలైన పెద్ద కేసు సాగుతూనే పోయింది. సాయంత్రం నాలుగింటికి "రేపు రండి" అన్నారు. బావగారు రెండో రోజూ కొట్టు మూసుకోవలసి వచ్చింది. అశ్రద్ధ అనుకున్నాం. లెక్కలోనే చిక్కు ఉందని తరువాత అర్థమైంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఐదు ఆపరేషన్లలో నాలుగు 45 నిమిషాల చొప్పున, ఒకటి 2 గంటలు పట్టాయనుకోండి. సగటు సరిగ్గా గంట. కానీ గంట పట్టింది ఒక్కటీ లేదు! ఆపరేషన్ త్వరగా అయితే కొన్ని నిమిషాలే మిగులుతాయి, ఆలస్యమైతే గంటలు పోతాయి. పైగా మిగిలిన సమయం చాలాసార్లు వృథా అవుతుంది, ఎందుకంటే తరువాతి రోగి అప్పటికి సిద్ధంగా ఉండరు. ఆలస్యం మాత్రం వెనుకవాళ్లందరికీ అంటుకుంటుంది.

అందుకే వరుస ముఖ్యం. 2 నుంచి 4 గంటలు పట్టే పెద్ద ఆపరేషన్ ముందు పెడితే, దాని ఆలస్యం వెనుక ఉన్న ఇద్దరి మీదా పడుతుంది. ఇంచుమించు గంటలో ముగిసే రెండు చిన్నవి ముందు పెడితే ఆ ఇద్దరూ వేళకు బయటపడతారు. చివర పెద్ద ఆపరేషన్‌కు కొంత వెసులుబాటు సమయం వదలాలి. అయితే ఇది ఒట్టి లెక్క కాదు. పసిపిల్లలు, షుగర్ రోగులు ఎక్కువసేపు పస్తు ఉండలేరు కనుక వారికి ముందు చోటివ్వాలి. అత్యవసర కేసులకు కొంత ఖాళీ ఉంచాలి.

డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి మరో దారి చూపింది. అక్కడ సర్జన్ ఒక బల్ల మీద శుక్లం ఆపరేషన్ చేస్తుండగానే, పక్క బల్ల మీద తరువాతి రోగిని సిద్ధం చేస్తారు. శుక్లం ఆపరేషన్‌కు పట్టే సమయంలో హెచ్చుతగ్గులు తక్కువ కనుక ఈ పద్ధతి అక్కడ బాగా నడుస్తుంది.

ఆసుపత్రులకు సాయం చేసే దాతలకు ఒక మనవి. కొత్త యంత్రం ఇచ్చేముందు, "ఇక్కడ ఆపరేషన్లు ఎందుకు వాయిదా పడుతున్నాయి?" అని అడగండి. ఒకచోట అదనపు పరికరాల సెట్టు కావాలి. మరొకచోట, ఆపరేషన్ అయినవారిని కనిపెట్టి ఉండే ఒక నర్సు జీతం చాలు. లోటు ఎక్కడో తెలుసుకుని ఇచ్చిన సొమ్ముతో, పస్తుతో ఎదురుచూస్తున్న రోగికి ఆ రోజే ఆపరేషన్ జరుగుతుంది.