క్యాసినో లింకు కమీషన్: లెక్క వాళ్ల చేతిలో, కేసు మన మెడకు

"ఈ లింకు మీ వాళ్లకు పంపండి, చేరిన ప్రతి ఒక్కరి మీదా జీవితకాలం 40 శాతం కమీషన్." బళ్లారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురం, షోలాపూర్, యానాంలలో ఉన్నా, ఫోనున్న ఏ ఇంటికైనా రాగల మెసేజ్ ఇది. ఆన్‌లైన్ క్యాసినోలు నడిపే ఈ ఏర్పాటును అఫిలియేట్ ప్రోగ్రాం అంటారు. మనుషులను తెచ్చిపెట్టే దళారీకి వాటా ఇవ్వడమన్నమాట. ఆ వాటా సరిగా ఇవ్వలేదన్న తగాదాలు ప్రపంచమంతటా ఉన్నాయి. మన దేశంలో ఆ తగాదాను ఎక్కడికీ తీసుకెళ్లలేం. ఎందుకో చూద్దాం.

కమీషన్ ఎక్కడి నుంచి వస్తుంది?

రెండు పద్ధతులున్నాయి. మొదటిది, లింకు ద్వారా చేరిన మనిషి డబ్బు వేయగానే ఒకసారి ఇచ్చే మొత్తం. దీన్ని సీపీఏ అంటారు. రెండోది రెవెన్యూ షేర్. అంటే ఆ మనిషి పోగొట్టుకున్న డబ్బులో నెలనెలా వాటా. సూటిగా చెప్పాలంటే, మీరు చేర్చిన వాళ్లు ఎంత నష్టపోతే మీకు అంత లాభం.

తగాదా ఎక్కడ మొదలవుతుంది?

ఒక ఉదాహరణ వేసుకుందాం. మీ లింకుతో చేరిన ఒకరు నెలలో 10,000 రూపాయలు పోగొట్టుకున్నారు. 40 శాతమంటే 4,000 రావాలనుకుంటాం. కంపెనీ ముందుగా బోనస్ కింద 2,000, చెల్లింపు ఖర్చులు, నిర్వహణ రుసుము కింద 2,500 తీసేస్తుంది. మిగిలిన 5,500 మీద మీ వాటా 2,200.

అదే నెలలో మీరు చేర్చిన ఇంకొకరు 30,000 గెలిచారనుకోండి. ఖర్చులతో కలిపి లెక్క 24,500 మైనస్. మీ వాటా 9,800 మైనస్. ఒప్పందంలో 'నెగెటివ్ క్యారీఓవర్' అనే షరతు ఉంటే ఈ బాకీ పై నెలకు వస్తుంది. ఆ నెల మీకు 6,000 రావలసి ఉన్నా చేతికి పైసా రాదు. ఇంకా 3,800 బాకీ మిగులుతుంది.

గొడవలు తెచ్చే షరతులు ఇంకా ఉన్నాయి:

• నెలకు ఇంతమంది కొత్తవాళ్లను తేకపోతే శాతం తగ్గించడం, లేదా ఖాతా మూసేయడం.
• షరతులను ఎప్పుడైనా మార్చే హక్కు కంపెనీకే ఉండటం, కొత్త షరతును పాత ఆటగాళ్లకూ వర్తింపజేయడం.
• "మీరు పంపినవాళ్లు నకిలీ" అని చెప్పి, రుజువు చూపకుండానే డబ్బు ఆపేయడం.

మార్కెట్ యార్డులో అయితే రైతు కాటా దగ్గర నిలబడి తూకం చూసుకుంటాడు, చీటీ చేతికొస్తుంది. ఇక్కడ కాటా, చీటీ రెండూ కంపెనీవే. ఎవరు ఎంత ఆడారో వాళ్లు చూపించిందే లెక్క.

జూదానికి లైసెన్సు ఇచ్చే బ్రిటన్‌లోనూ 2017 సెప్టెంబరులో స్కై బెట్టింగ్ అండ్ గేమింగ్ సంస్థ తన అఫిలియేట్ ప్రోగ్రాంను మూసేసింది. 'జీవితకాలం' అన్న మాట ప్రోగ్రాం నడిచినంత కాలమే.

మన దగ్గర కోర్టుకు వెళ్తే?

1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన డబ్బు కోసం దావా వేయలేం. అయితే పందెం చెల్లకపోయినా దానికి అనుబంధంగా చేసుకున్న ఒప్పందం చట్టవిరుద్ధం కాదని 1959లో ఘేరూలాల్ పారఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత బొంబాయి ప్రాంతానికి ఆ వెసులుబాటు కూడా లేదు. అక్కడి 1865 చట్టం పందెం దళారీ కమీషన్ కోసం దావాకే వీల్లేదంది. షోలాపూర్, భివండీల్లోని మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మిగతా రాష్ట్రాల్లోనూ ఆ దారి మూసుకుపోయినట్టే. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆడినవారికి ఈ చట్టంలో శిక్ష లేదు, ప్రచారం చేసినవారికి ఉంది. నేరమైన పనికి కుదుర్చుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదు. కాబట్టి "నా కమీషన్ ఎగ్గొట్టారు" అని ఫిర్యాదు రాస్తే, చేసిన ప్రచారాన్ని మన చేత్తో మనమే ఒప్పుకున్నట్టవుతుంది. ఈ సంగతి కంపెనీకీ తెలుసు.

ఈ చట్టం రాకముందే, 2025 మార్చిలో, హైదరాబాదులో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ సినీ నటుల మీద, యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. అంత పేరున్నవాళ్లకే తప్పలేదు.

ఇంట్లో ఏం చేయాలి?

ఇప్పటికే లింకులు పంచినవారు వెంటనే ఆపేయండి. రావలసిన కమీషన్ కోసం ఇంకొందరిని చేర్చకండి. "ఇంకో పదిమందిని తెస్తే పాతది ఇస్తాం" అనేది మామూలుగా వేసే ఎర. కమీషన్ పేరుతో ముక్కూ మొహం తెలియని ఖాతాల నుంచి డబ్బు పడుతుంటే మరీ ప్రమాదం. అది మోసపోయిన ఎవరిదో సొమ్మయితే మీ బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది. అలా జరిగితే మెసేజ్‌లు చెరిపేయకుండా ముందు వకీలును కలవండి. మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మన ఊళ్లలో మనవాళ్లు కొద్దిమందే. తెలుగులో మాట్లాడి నమ్మకం కలిగించే మనిషి కావాలనే కంపెనీ మన పిల్లల్ని వెతుకుతుంది. ఆ లింకు వెళ్లేది సంఘం గ్రూపులోకి, మేనమామ ఫోనులోకి, పక్కింటి అన్న ఫోనులోకి. కమీషన్ అందినా అందకపోయినా, పోయే డబ్బు వాళ్లది. రేపు పెళ్లిలోనో పండగలోనో ఎదురుపడేదీ వాళ్లే.